సీమ దొరల బతుకుతెరువు

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా గుంతకల్లులో ఒక రిటైర్డ్ ఎకనామిక్స్ లెక్చరర్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినపడుతోందా? ఆ మూల ఫ్యాను ఒకటి ఆపేస్తే నయం, దాని చప్పుడు నా గొంతు కంటే ఎక్కువుంది. ఆ, ఇప్పుడు సరే.

బ్రిటిషువాళ్ళ గురించి మాట్లాడమన్నారు. వాళ్ళ ఆర్థిక వ్యవస్థ ఎలా మారింది, వాళ్ళ జాతీయత ఎలా మారింది. ముప్పై ఏళ్ళు ఎకనామిక్స్ చెప్పినవాణ్ణి కాబట్టి మొదటి సగం నాకు చేతనవుతుంది. రెండో సగం మా అమ్మాయి ఇంట్లో నేర్చుకున్నాను. మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండులో, లెస్టర్ అనే ఊళ్ళో ఉంటారు. 2020 ఫిబ్రవరిలో మూడు నెలలకని వెళ్ళాం, నేనూ మా ఆవిడా. లాక్‌డౌన్ పడింది. ఏడాది దాటి ఉండిపోయాం. ఆ ఏడాదిలో బ్రిటిషువాళ్ళను దగ్గర నుంచి చూశాను. దగ్గర నుంచి అంటే, కిటికీలోంచి.

మొదట మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. సీమ అంటే ఏది? మనమే కదా. సీమవాళ్ళు అంటే మనమే. కానీ మీ తాతను అడిగి ఉంటే ఏం చెప్పేవాడు? సీమ అంటే ఇంగ్లండు. సీమకు పోయొచ్చాడు, సీమ సరుకు, సీమ దొర. మనం సీమవాళ్ళమైంది 1928లో, నంద్యాల సభలో. అంతకుముందు మనం దత్తమండలంవాళ్ళం. అంటే నిజాం గారు ఇంగ్లీషువాళ్ళకు దత్తం చేసిన జిల్లాలు. ఇదేం పేరు, మేమేమన్నా సరుకా ఇచ్చిపుచ్చుకోడానికి అని మనవాళ్ళకు రోషం వచ్చి రాయలసీమ అని పెట్టుకున్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మనుషులు తమ పేరు ఎప్పుడు మార్చుకుంటారు, ఎందుకు మార్చుకుంటారు అన్నదే ఈ రోజు నా మాటల్లో అసలు విషయం.

ఇంకో ప్రశ్న. మన్రో దొర మీ అందరికీ తెలుసు. దత్తమండలాల మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు. 1827లో మన పత్తికొండలో కలరా తగిలి పోయాడు, మన గుత్తిలోనే పూడ్చారు, తర్వాత మద్రాసుకు తీసుకెళ్ళారు. ఆయన ఇంగ్లీషువాడేనా? చేతులెత్తండి. చాలామంది ఎత్తారు. కాదు. ఆయన స్కాట్లండువాడు, గ్లాస్గోలో పుట్టాడు. వాళ్ళ నాయన పొగాకు వ్యాపారి. అమెరికాలో వర్జీనియాతో వ్యాపారం. అమెరికావాళ్ళు తిరగబడ్డారు, యుద్ధం వచ్చింది, ఆయన వ్యాపారం మునిగిపోయింది. కొడుకు బతుకుతెరువు కోసం కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగాడు. చూశారా? ఎక్కడో వర్జీనియాలో తిరుగుబాటు వస్తే, గ్లాస్గోలో ఒక షావుకారు దివాలా తీస్తే, ఆయన కొడుకు వచ్చి మన తాతముత్తాతల పొలాలకు శిస్తు నిర్ణయించాడు.

మనకు వాళ్ళందరూ ఒకటే. ఆంగ్లేయులు. ఆంగ్లేయులు అంటే ఇంగ్లండువాళ్ళు మాత్రమే, స్కాట్లండువాణ్ణి ఆ మాట అంటే ఊరుకోడు. కానీ మన తప్పేం లేదు. ఇక్కడికొచ్చిన స్కాట్లండువాడు కూడా తనను బ్రిటిషువాడిననే చెప్పుకున్నాడు. ఎందుకు చెప్పుకున్నాడు? అక్కడుంది కీలకం.

1707లో ఇంగ్లండు, స్కాట్లండు పార్లమెంట్లు ఒకటయ్యాయి. ప్రేమతో కలవలేదు. స్కాట్లండువాళ్ళు దానికి కొన్నేళ్ళ ముందు మధ్య అమెరికాలో, పనామా దగ్గర, ఒక వలస పెట్టబోయి దేశంలో ఉన్న డబ్బులో పెద్ద వాటా దాంట్లో పోసి చేతులు కాల్చుకున్నారు. ఇంగ్లండుతో కలిస్తే ఇంగ్లండు వ్యాపారంలో మనకూ వాటా వస్తుంది అనుకున్నారు. వచ్చింది కూడా. పొగాకు, చక్కెర, ఓడలు, కంపెనీ ఉద్యోగాలు. కాబట్టి నన్నడిగితే, బ్రిటిష్ అనేది మొదట్లో ఒక జాతి పేరు కాదు. ఉమ్మడి వ్యాపారానికి పెట్టుకున్న బోర్డు. ఉమ్మడి వ్యాపారం లాభంలో నడుస్తున్నంతకాలం అన్నదమ్ముల మధ్య మాట తేడా రాదు. నష్టం రావడం మొదలైతే ఎవరి గదికి వాళ్ళు తాళం వేసుకుంటారు. మన ఇళ్ళల్లో చూడటం లేదా?

ఇక్కడ రైల్వే రిటైర్డ్ వాళ్ళు చాలామంది ఉన్నారు, ఈ ముక్క మీకోసం. మా నాయన ఇక్కడే లోకో షెడ్డులో ఫిట్టరు. నాకు పదేళ్ళప్పుడు ఒక ఆదివారం షెడ్డుకు తీసుకెళ్ళాడు. బొగ్గు ఇంజను పక్కన నిలబెట్టి, దాని ఒంటి మీదున్న ఇత్తడి బిళ్ళను చేతిగుడ్డతో తుడిచాడు. నాకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చో రావో చూద్దామని చదవమన్నాడు. కూడబలుక్కుంటూ చదివాను. నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీ, గ్లాస్గో. నార్త్ బ్రిటిష్ అంటే ఏంది నాయనా అంటే, కంపెనీ పేరు లేరా అన్నాడు. చాలా ఏళ్ళకు గానీ నాకు తట్టలేదు. నార్త్ బ్రిటన్ అంటే స్కాట్లండు! ఉత్తరపు బ్రిటన్‌వాళ్ళం మేము అని గర్వంగా ఇంజను మీద పోతపోసి పంపించారు. ఆ కంపెనీ 1903లో పుట్టింది. మన దేశానికి వందల ఇంజన్లు పంపింది. 1962లో దివాలా తీసింది. మా నాయన నాకు ఆ బిళ్ళ చూపించేనాటికే దాన్ని తయారుచేసిన ఫ్యాక్టరీ లేదు.

ఎడిన్‌బరోలో రైల్వే స్టేషన్ పక్కనే ఒక పెద్ద హోటలు ఉంది. 1902లో కట్టారు. దాని గడియారం మూడు నిమిషాలు ముందు పెడతారు, జనం రైలు అందుకోవాలని. మన స్టేషన్‌కు అలాంటిది అక్కర్లేదు, రైలే మన కోసం ఆగుతుంది. సరే, ఆ హోటలు పేరు నార్త్ బ్రిటిష్. మరమ్మతుల కోసం మూసి, 1991లో మళ్ళీ తెరిచారు. తెరిచేటప్పటికి పేరు బాల్మోరల్. అంటే స్కాట్లండు పేరు. నార్త్ బ్రిటిష్ అనే బోర్డు కింద గది బాడుగకు పోదని వాళ్ళకు అర్థమైంది. ఇంజన్ల కంపెనీ పోయింది, ఓడల యార్డులు చాలావరకు పోయాయి, సామ్రాజ్యం పోయింది. ఇక ఉత్తరపు బ్రిటన్‌వాళ్ళం అని చెప్పుకోడానికి స్కాట్లండువాడికి ఏం మిగిలింది? 2014 సెప్టెంబరు 18న మేం విడిపోతామా వద్దా అని ఓటు వేశారు. 55 శాతం వద్దన్నారు, 45 శాతం విడిపోతామన్నారు. 1914లో ఎవడైనా ఈ మాట అని ఉంటే పిచ్చాసుపత్రికి పంపేవాళ్ళు.

ఇప్పుడు లెక్కల దగ్గరికొస్తా. ఎక్కువ లెక్కలు చెప్పను, భయపడకండి.

1913లో బ్రిటన్ 28 కోట్ల టన్నులకు పైగా బొగ్గు తవ్వింది. 11 లక్షల మంది గనుల్లో పనిచేసేవాళ్ళు. ఆ బొగ్గుతో నడిచే మిల్లులు, ఆ మిల్లు బట్ట. మా తాత పెళ్ళిళ్ళకు గ్లాస్కో పంచె కట్టేవాడు. గ్లాస్కో అంటే ఒక ఊరని ఆయనకు తెలియదు, సన్నటి గుడ్డ రకం అనుకున్నాడు. మన మచిలీపట్నం అద్దకం బట్టలను 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి చట్టం చేసి ఆపినవాళ్ళు, తర్వాత మన తాతలకే పంచెలు అమ్మారు. ఆ కథ మీకు తెలుసు, దాన్ని ఇప్పుడు తవ్వను. కానీ ఆ కథకు రెండో సగం మనకు ఎవరూ చెప్పరు. గాంధీగారు 1931లో లాంకషైర్ వెళ్ళారు, డార్వెన్ అనే మిల్లు ఊరికి. మన స్వదేశీ వల్ల పని పోయినవాళ్ళ ఊరు. వాళ్ళు ఆయన చుట్టూ చేరి చప్పట్లు కొట్టిన ఫోటో ఉంది, మిల్లు ఆడవాళ్ళందరూ నవ్వుతూ చేతులెత్తి, మధ్యలో ఈయన చేతులు జోడించి. మీకు 30 లక్షల మంది పనిలేనివాళ్ళుంటే మా దగ్గర 30 కోట్ల మందికి సగం ఏడాది పనిలేదమ్మా అని వాళ్ళకు నచ్చజెప్పారు. 1950ల చివరికొచ్చేసరికి, ప్రపంచానికి బట్ట కట్టించిన దేశం తాను అమ్మేదాని కంటే కొనుక్కునే నూలు బట్టే ఎక్కువైంది.

యుద్ధం సంగతి చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో గెలిచారు. గెలిచి అప్పులపాలయ్యారు. మన దేశం నుంచి సైన్యానికి సరుకు తీసుకుని, తర్వాత ఇస్తాం అని లండన్‌లో చిట్టా రాశారు. యుద్ధం అయ్యేసరికి మనకే దాదాపు 130 కోట్ల పౌండ్లు బాకీ. దొర మనకు బాకీ! ఇక్కడ బెంగాల్లో జనం తిండి లేక చచ్చిపోతుంటే అక్కడ మన పేరు మీద జమ పెరుగుతోంది. చరిత్రలో ఇంత విడ్డూరమైన షావుకారు ఇంకొకడు లేడు. అటు అమెరికా దగ్గర 375 కోట్ల డాలర్లు తెచ్చుకున్నారు. దాని ఆఖరి కంతు ఎప్పుడు కట్టారో తెలుసా? 2006 డిసెంబరు ఆఖరున. మీ పిల్లలు అప్పటికి కంప్యూటర్ కోర్సులు చదువుతున్నారు.

1949లో పౌండు విలువ తగ్గించారు. 1967లో మళ్ళీ తగ్గించారు. 1976లో ఐఎంఎఫ్, అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి, దగ్గరికి చెయ్యి చాపారు, 390 కోట్ల డాలర్లు. 1991లో మనం బంగారం తాకట్టు పెట్టి తలదించుకున్నామే, ఆ బంగారం కొంత పోయింది బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుకే. కానీ వాళ్ళు ఆ మెట్టు మన కంటే పదిహేనేళ్ళు ముందే ఎక్కారు. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి డీన్ ఆచెసన్ 1962లోనే అన్నాడు, బ్రిటన్‌కు సామ్రాజ్యం పోయింది, చేయాల్సిన పాత్ర మాత్రం ఇంకా దొరకలేదు అని. లండన్‌లో చాలా కోపాలొచ్చాయి. నిజం అంటే ఎవరికైనా కోపమే కదా.

అయితే నాకు ఆచెసన్ మాట పూర్తిగా నచ్చదు. పాత్ర దొరకలేదు అనడం తప్పు. ఒక పాత్ర దొరికింది, దాన్ని వాళ్ళే వదిలేశారు. ఏమిటది? 1947 జనవరి 1న గనులన్నీ ప్రభుత్వం తీసుకుంది. ఆ రోజు ప్రతి గని ముందూ ఒక బోర్డు పెట్టారు. ఈ గనిని ఇక నేషనల్ కోల్ బోర్డు ప్రజల తరఫున నడుపుతుంది అని. ప్రజల తరఫున! మరుసటి ఏడాది జులై 5న ఎన్‌హెచ్‌ఎస్, ఉచిత వైద్యం. రైళ్ళు ప్రభుత్వానివి, కరెంటు ప్రభుత్వానిది. అప్పుడు బ్రిటిషువాడు అంటే అర్థం మారింది. ప్రపంచాన్ని ఏలేవాడు కాదు. కలిసి గెలిచినవాడు, కలిసి పంచుకునేవాడు. వేల్స్‌లో గని కార్మికుడు, గ్లాస్గోలో ఓడ కట్టేవాడు, బర్మింగ్‌హామ్‌లో కారు బిగించేవాడు, ముగ్గురిదీ ఒకే ఆసుపత్రి, ఒకే పెన్షను. ఉమ్మడి వ్యాపారం పోయినా ఉమ్మడి సంసారం ఉంది. ముప్పై ఏళ్ళు నడిచింది. నా లెక్కలో బ్రిటిష్ అనే మాటకు అంత మంచి కాలం మళ్ళీ రాలేదు.

తర్వాత ప్రధానమంత్రిగా థాచర్ వచ్చింది. 1984 మార్చి నుంచి 85 మార్చి దాకా గని కార్మికుల సమ్మె. ఏడాది! జీతం లేకుండా ఏడాది! ఓడిపోయారు. గనులు ఒక్కొక్కటే మూశారు. ఆమెను సమర్థించేవాళ్ళ వాదన కూడా చెప్పాలి. చాలా గనులు నష్టాల్లో ఉన్నాయి, గ్యాస్ చవకగా దొరికింది, పొగ కూడా తగ్గింది. అదంతా నిజమే. గని మూయడం తప్పు అని నేననను. మూసిన తర్వాత ఆ ఊరికి ఏం పెట్టారు అన్నదే నా ప్రశ్న.

ఒక ఊరు చెప్తాను. షైర్‌బ్రూక్. డార్బీషైర్‌లో ఉంది, బోల్సోవర్ జిల్లా. గని 1993లో మూతపడింది. ఆ నేల మీదే ఆటల బూట్లు, బట్టలు అమ్మే పెద్ద కంపెనీ ఒకటి గోడౌను కట్టింది. దాంట్లో పని గంటల లెక్కన, ఈ వారం ఉంటుంది వచ్చే వారం ఉండదు. ఎక్కువ మంది పోలండ్ నుంచి, తూర్పు యూరప్ నుంచి వచ్చిన పిల్లలు. గనిలో పనిచేసిన ముసలాయన రోడ్డుకు ఇటుపక్క బెంచీ మీద కూర్చుని చూస్తున్నాడనుకోండి. తను దిగిన చోటే పని జరుగుతోంది, కానీ ఆ పనికి గౌరవం లేదు, తన భాష లేదు, తన కొడుకు లేడు. 2016లో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలా అని ఓటు పెట్టారు. బోల్సోవర్ జిల్లాలో నూటికి 70 మంది రావాలన్నారు. వీళ్ళకు బుద్ధి లేదు, జాత్యహంకారులు అని లండన్ పత్రికల్లో కొందరు రాశారు. నాకలా అనిపించలేదు. కోపం సరైనది, అడ్రసు తప్పు. గని మూసింది పోలండ్ పిల్లాడు కాదు కదా.

ఇక లండన్. క్యానరీ వార్ఫ్ పేరు విన్నారు కదా, అద్దాల మేడలు, బ్యాంకులు. అది 1802లో కట్టిన వెస్టిండియా డాక్స్. బానిసలు పండించిన చక్కెర దిగిన రేవు. 1980లో రేవు మూశారు. 1986లో షేర్ మార్కెట్ నిబంధనలన్నీ ఒకేరోజు సడలించారు, 1991కల్లా అదే చోట యాభై అంతస్తుల మేడ లేచింది. నీళ్ళు అవే. అప్పుడు చక్కెర మూటలు, ఇప్పుడు తెర మీద అంకెలు. దేశం మొత్తం ఆదాయంలో ఇప్పుడు నూటికి 80 వంతులు సేవల నుంచే. ఫ్యాక్టరీలది దాదాపు పదో వంతు.

మరి ఫ్యాక్టరీలు ఎవరివి? మీకు సంతోషం కలిగించే మాట చెప్తా. టెట్లీ టీ 2000లో టాటాది. ఉక్కు 2007లో టాటాది. జాగ్వార్, ల్యాండ్ రోవర్ 2008లో టాటావి. మినీ, రోల్స్ రాయిస్ కార్లు జర్మనీ వాళ్ళవి. హారడ్స్ దుకాణం ఖతార్‌ది. క్యాడ్‌బరీ అమెరికావాళ్ళు కొన్నారు. ఆఖరికి రాజముద్ర ఉన్న పోస్టు డబ్బా, రాయల్ మెయిల్, ఒక చెక్ వ్యాపారి చేతిలో ఉంది.

నవ్వుతున్నారు. నవ్వండి. కానీ ఇంకో పక్క కూడా చూడండి. 2024 సెప్టెంబరు 30. ఆ ఒక్క రోజు రెండు పనులు జరిగాయి. నాటింగ్‌హామ్‌షైర్‌లో రాట్‌క్లిఫ్ అనే చోట బ్రిటన్ ఆఖరి బొగ్గు కరెంటు కేంద్రం ఆగిపోయింది. ప్రపంచంలో మొదటి బొగ్గు కరెంటు కేంద్రం లండన్‌లోనే 1882లో పెట్టారు, 142 ఏళ్ళకు మూసేశారు. అదే రోజు వేల్స్‌లో పోర్ట్ టాల్బట్ ఉక్కు ఫ్యాక్టరీలో ఆఖరి బ్లాస్ట్ ఫర్నేస్ చల్లారింది. ఆ ఫ్యాక్టరీ టాటాలదే. పాత ఇనుము కరిగించే కరెంటు కొలిమి పెడతామన్నారు, దానికి మనుషులు తక్కువ చాలు. వేల మంది ఇంటికి. వాళ్ళ మిల్లుల వల్ల మన నేతగాళ్ళకు పని పోయినప్పుడు నిర్ణయం లాంకషైర్‌లో జరిగింది. వేల్స్‌లో ఉక్కు కార్మికుడి పని పోయినప్పుడు నిర్ణయంలో ముంబై చెయ్యి ఉంది. దెబ్బకు దెబ్బ అని సంబరపడే వయసు నాది కాదు. కొలిమి ముందు నిలబడ్డవాడు ఎక్కడైనా ఒకటే. నేను ఫిట్టరు కొడుకుని.

2022లో మనం బ్రిటన్‌ను దాటాం, ఐదో పెద్ద ఆర్థిక వ్యవస్థ అయ్యాం అని వాట్సాప్‌లో తెగ తిరిగింది. నిజమే. కానీ తలకు ఎంత అని లెక్క వేస్తే వాళ్ళది ఇప్పటికీ మన కంటే ఇరవై రెట్ల దరిదాపుల్లో ఉంది. ఆ మెసేజ్ ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు.

ఇప్పుడు లెస్టర్ గురించి. మేజోళ్ళ ఊరు. సాక్సులు, బనియన్లు, బూట్లు. 1972లో ఉగాండా నుంచి అక్కడి నియంత ఇదీ అమీన్ మనవాళ్ళను, ఎక్కువగా గుజరాతీలను, తరిమేశాడు. బ్రిటిష్ పాస్‌పోర్టులున్నాయి, బ్రిటన్ పోవాలి. అప్పుడు లెస్టర్ నగరపాలక సంస్థ ఏం చేసిందో తెలుసా? ఉగాండా పత్రికలో ప్రకటన వేసింది. మా ఊళ్ళో ఇళ్ళు లేవు, బళ్ళల్లో సీట్లు లేవు, మీ మంచికే చెప్తున్నాం, మా ఊరు రాకండి అని. ఆ ప్రకటన చూసి, ఓహో లెస్టర్ అని ఒక ఊరుందన్నమాట అని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారని అక్కడ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. ఆ వచ్చినవాళ్ళే మూతపడుతున్న మేజోళ్ళ ఫ్యాక్టరీల్లో మిషన్లు కొని నడిపారు, దుకాణాలు పెట్టారు. ఇప్పుడు బెల్‌గ్రేవ్ రోడ్డులో దీపావళి చేస్తే రోడ్డు పట్టదు, దాన్ని నడిపించే పెద్ద చెయ్యి నగరపాలక సంస్థదే. 2021 జనాభా లెక్కల్లో లెస్టర్‌లో ఆసియావాళ్ళు 43 శాతం, తెల్లవాళ్ళు 41. ఎవరూ మెజారిటీ కాదు.

అంతా బాగుందని కాదు. 2020లో మేమున్నప్పుడే, దేశంలో అన్ని ఊళ్ళూ తెరుచుకుంటుంటే లెస్టర్‌ను మాత్రం మళ్ళీ మూశారు. కరోనా కేసులు అక్కడ తగ్గలేదు. ఎందుకని ఆరా తీస్తుంటే, చిన్న చిన్న బట్టల వర్క్‌షాపుల సంగతి బయటపడింది. గంటకు మూడున్నర పౌండ్లు ఇస్తున్నారు. చట్టం ప్రకారం ఇవ్వాల్సింది 8 పౌండ్ల 72 పెన్నీలు. కుట్టేవాళ్ళలో చాలామంది మన దేశంవాళ్ళే, యజమానుల్లోనూ మనవైపు మూలాలున్నవాళ్ళు. లాంకషైర్‌లో రెండొందల ఏళ్ళనాడు జరిగినది, అదే దేశంలో మనవాళ్ళు మనవాళ్ళతో చేయించారు. ఇది చెప్పుకోడానికి సిగ్గుగా ఉంటుంది. అయినా చెప్పాలి.

ఆ రోజుల్లోనే గురువారం రాత్రి ఎనిమిదింటికి అందరూ తలుపులు తీసి ఎన్‌హెచ్‌ఎస్ డాక్టర్లకు, నర్సులకు చప్పట్లు కొట్టేవాళ్ళు. మనమూ పళ్ళేలు కొట్టాం లెండి. మా ఎదురింటి ఆవిడ, ఎనభై ఏళ్ళ ఇంగ్లీషు ముసలమ్మ, కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి గిన్నె మీద గరిటెతో కొట్టేది. ఆమె ఇంటి మీద రాణి ఫోటో లేదు, జెండా లేదు. కిటికీ అద్దానికి పిల్లలు రంగులేసిన ఇంద్రధనుస్సు కాగితం, కింద థాంక్యూ ఎన్‌హెచ్‌ఎస్ అని. అప్పుడనిపించింది, 1948లో పెట్టిన బోర్డుల్లో ఇదొక్కటి ఇంకా వేలాడుతోంది అని. మిగతావి అమ్మేశారు. ఇది అమ్మితే జనం ఒప్పుకోరు. ఆ ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లలో మన తెలుగువాళ్ళు ఎంతమందో మీకు వేరే చెప్పాలా? ఈ సభలోనే నలుగురైదుగురు తల్లిదండ్రులున్నారు.

2021 మార్చి 21 వాళ్ళ జనాభా లెక్కల రోజు. లాప్‌టాప్‌లోనే నింపొచ్చు. మా అల్లుడు వంటింటి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఒక ప్రశ్న వచ్చింది. మీ జాతీయతను మీరు ఎలా చెప్పుకుంటారు? కింద వరసగా బ్రిటిష్, ఇంగ్లీష్, వెల్ష్, స్కాటిష్, నార్దర్న్ ఐరిష్, ఇతరులు. ఎన్నింటికైనా టిక్కు పెట్టొచ్చు. అల్లుడు బ్రిటిష్ అన్నాడు, ఆయనకు ఆ పాస్‌పోర్టుంది. అమ్మాయి ఇండియన్. మా మనవరాలికి అప్పుడు ఏడేళ్ళు, అక్కడే పుట్టింది. నీకేం పెట్టాలి రా అంటే, లెస్టర్ అని రాయి నాన్నా అంది.

పిల్ల మాట అని నవ్వుకున్నాం. తర్వాత ఫలితాలొచ్చాయి, చూసి నేను నోరెళ్ళబెట్టాను. 2011లో ఇంగ్లండు, వేల్స్‌లో మేము ఇంగ్లీష్ మాత్రమే అన్నవాళ్ళు నూటికి 57 మంది పైన. పదేళ్ళకు 15 మంది. బ్రిటిష్ మాత్రమే అన్నవాళ్ళు 19 నుంచి 55కి పెరిగారు. పదేళ్ళలో దేశం గుండె మారిపోయిందా? లేదు. 2011 ఫారంలో ఇంగ్లండులో మొదటి గడి ఇంగ్లీష్. 2021లో మొదటి గడి బ్రిటిష్. ఈ మార్పులో కొంత దానివల్లేనని లెక్కలు కట్టిన ఆఫీసు వాళ్ళే రాశారు. ఆలోచించండి. యుద్ధాలు చేసి, సామ్రాజ్యాలు కట్టి తెచ్చుకున్న పేరు, చివరికి గడి పైనుందా కిందుందా అన్నదాని మీద పడింది. నేనిది వెక్కిరింపుగా చెప్పడం లేదు. మామూలు మనిషికి రెండూ ఒకటే, ఏది ముందు కనిపిస్తే అదే. గొడవంతా రెండూ ఒకటి కానివాళ్ళకే. స్కాట్లండువాడికి, లెస్టర్‌లో గుజరాతీకి. నేను బ్రిటిషునే అంటాడు గుజరాతీ. ఇంగ్లీషువాణ్ణి అనమంటే గొంతులో ఆగిపోతుంది. తమాషా చూశారా? స్కాట్లండువాడు వదిలేస్తున్న బోర్డును గుజరాతీ తుడిచి తగిలించుకుంటున్నాడు.

ఇంగ్లీషువాడికి కూడా తను ఇంగ్లీషువాణ్ణని ఈ మధ్యే గుర్తొచ్చింది. 1966లో ఇంగ్లండు ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు గెలిచింది. ఆ ఫోటోలు చూడండి, జనం చేతుల్లో యూనియన్ జాక్. బ్రిటన్ జెండా. ఆడింది ఇంగ్లండు, ఊపింది బ్రిటన్ జెండా, ఎవరికీ తేడా తెలియలేదు. 1996లో అదే వెంబ్లీ స్టేడియంలో యూరప్ పోటీలు. ఈసారి తెల్ల గుడ్డ మీద ఎర్ర శిలువ, ఇంగ్లండు సొంత జెండా. అన్నదమ్ములు వేరుపడతామంటుంటే పెద్దాయన కూడా తన వాటా ఏదో వెతుక్కున్నాడు.

బ్రెగ్జిట్ అయింది, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడం. ఇంగ్లండు, వేల్స్ పోదామన్నాయి, స్కాట్లండులో 62 శాతం వద్దన్నారు, ఉత్తర ఐర్లండు వద్దంది. అంటే ఉమ్మడి నిర్ణయంలోనే చీలిక. బయటికొచ్చాక మన స్వాతంత్ర్యానికి గుర్తుగా పాస్‌పోర్టుకు పాత నీలం రంగు వేస్తామన్నారు. నిజానికి యూరప్‌లో ఉన్నప్పుడు కూడా నీలం వేసుకోవద్దని ఎవరూ అనలేదు, క్రొయేషియా నీలమే ఉంచుకుంది. సరే, టెండరు పిలిచారు. తక్కువ రేటుకు ఎవరు పాడారు? ఫ్రెంచి, డచ్చి కంపెనీ ఒకటి. పుస్తకాలు ఎక్కడ తయారయ్యాయి? పోలండ్‌లో. మా అల్లుడి పాస్‌పోర్టు కూడా అదే. ముట్టుకుంటే గట్టిగా, బాగానే ఉంది.

ఇప్పుడు అసలు, వాళ్ళు ఈ రోజు ప్రపంచానికి ఏం అమ్ముతున్నారు? విస్కీ అమ్ముతారు. 2025 జులైలో మనతో సంతకం పెట్టిన ఒప్పందంలో దాని సుంకం 150 శాతం నుంచి 75కు దించుతామని మనవాళ్ళు ఒప్పుకున్నారు, మీలో కొందరికి ఈ విషయం నాకంటే బాగా తెలుసు. బ్యాంకింగ్, ఇన్సూరెన్స్ అమ్ముతారు. ఫుట్‌బాల్ మ్యాచ్‌లు అమ్ముతారు. అన్నిటికంటే మనకు దగ్గరైన సరుకు ఇంకొకటుంది. చదువు. 2022-23లో అక్కడి యూనివర్సిటీల్లో బయటి దేశాల పిల్లలు 7 లక్షలకు పైగా. మనవాళ్ళు చైనావాళ్ళను దాటేశారు. ఇంగ్లండు పిల్లల దగ్గర ఫీజు ఇంతకంటే తీసుకోకూడదని ప్రభుత్వం 2017 నుంచి 2025 దాకా 9,250 పౌండ్ల దగ్గర ఆపేసింది. ఖర్చులు ఆగవు కదా? ఆ లోటును పూడ్చేది మన పిల్లలు కట్టే ఫీజు. అనంతపురంలో ఎకరం అమ్మితే అక్కడ ఒక ఇంగ్లీషు పిల్లాడి క్లాసురూము నడుస్తోంది. మరి ఆ పిల్లలు ఎక్కువమంది వచ్చారని గోల, 2024 జనవరి నుంచి మాస్టర్స్ చదివే పిల్లల్లో ఎక్కువమంది భార్యను, భర్తను తెచ్చుకోకూడదన్నారు. సరుకు కొనాలి, కొన్నవాడు దుకాణంలో నిలబడకూడదు. ఈ ఇబ్బందిలోనే ఉంది బ్రిటన్ ఇవాళ. బతుకుతెరువు బయటివాళ్ళ మీద, పేరు మాత్రం లోపలివాళ్ళదే ఉండాలి.

టైమ్ అయిపోయిందని చీటీ వచ్చింది. ఒక్క విషయం చెప్పి కూర్చుంటా.

2023లో మళ్ళీ వెళ్ళాం. మా అమ్మాయి ఇంటికి పది నిమిషాల నడకలో, కాలువ ఒడ్డున, ఒక పాత ఎర్ర ఇటుకల ఫ్యాక్టరీ ఉంది. గోడ మీద వెలిసిపోయిన తెల్ల అక్షరాలు, హోజియరీ అన్న మాట మాత్రం చదవొచ్చు. ఇప్పుడది స్టూడెంట్ ఫ్లాట్లు. ఒక సాయంత్రం కిందనుంచి పోతుంటే తిరగమోత వాసన. తల ఎత్తి చూస్తే కిటికీలో కుర్రాడు, పొగకు అలారం మోగకుండా తువ్వాలుతో విసురుతున్నాడు. తెలుగులో పలకరించాను. పరుగెత్తుకుంటూ కిందికొచ్చాడు. నంద్యాలవాడు. డేటా సైన్స్ చదువుతున్నాడు, వారానికి ఇరవై గంటలు గోడౌనులో ప్యాకింగ్ పని, రాత్రి షిఫ్టు. నాకు పప్పు పెట్టాడు, ఉప్పు ఎక్కువైంది, తిన్నాను. పైనున్న ఇనుప దూలాలు చూపించి, అంకుల్, ఇక్కడ ముందు ఏం చేసేవాళ్ళు అని అడిగాడు. సాక్సులురా, దేశం మొత్తానికి ఇక్కడి నుంచే పోయేవి అన్నాను.

వాడు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "నేను డజను జతలు నంద్యాల నుంచే తెచ్చుకున్నా అంకుల్, ఇక్కడ రేటు ఎక్కువని చెప్పారు" అన్నాడు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ ఫ్యాను ఇప్పుడు వేసుకోవచ్చు.